ఆపరేషన్ చేయించాలా, ఆగాలా? మెదడులో రక్తస్రావం, వెన్ను సర్జరీల మీద పరిశోధనలు ఏం తేల్చాయి?

మంజీర_తీరం (సంగారెడ్డి)

అందరికీ నమస్తే. పోయిన దసరా ముందు నాన్నకు మెదడులో రక్తస్రావం అయింది. బీపీ మాత్రలు మానేశారని మాకు ఆ తర్వాతే తెలిసింది. సీటీ తీశారు. రక్తపు గడ్డ లోతుగా ఉంది, చిన్నదే, ఆపరేషన్ అక్కర్లేదు, ఐసీయూలో పెట్టి బీపీ అదుపు చేస్తామన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. చుట్టాలు ఎవరొచ్చినా ఒకటే మాట: "ఆ గడ్డ తీయించి ఉంటే చెయ్యి వచ్చేది, డబ్బుకు వెనకాడారు." వినీ వినీ ప్రాణం విసిగిపోయింది.

అది చాలదన్నట్టు ఇప్పుడు మా ఆయనకు నడుం నొప్పి. ఎడమ కాలు పిరుదు నుంచి పిక్క దాకా లాగేస్తోంది. ఎమ్మారైలో నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 ఎముకల మధ్య డిస్క్ జారిందని వచ్చింది. ఒక డాక్టరు గారు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు కొన్ని వారాలు మందులు వాడి చూద్దామన్నారు.

నేను అడగాలనుకుంటున్నది ఇదే. ఈ మాటలు ఏ ఆధారంతో చెబుతారు? ఆపరేషన్ చేసినవాళ్లను, చేయనివాళ్లను పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు నిజంగా ఉన్నాయా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

పాలమూరు_శ్రీను

అక్కా, నాన్నగారు లేచి నడుస్తున్నారు, అదే పెద్ద మాట. చుట్టాలు అంటూనే ఉంటారు. నేనూ ఈ థ్రెడ్ చూస్తుంటా, మా బాపుకు నడుములో స్క్రూలు వేయాలని అంటున్నారు.

న్యూరో_పీజీ (విశాఖ)

మంజీర గారూ, ఉన్నాయి. మీ నాన్నగారి లాంటి వాళ్ల మీదే పెద్ద పెద్దవి జరిగాయి. నేను న్యూరోసర్జరీ పీజీని. మా సీనియర్లు మాతో మొదట చదివించేవి ఇవే.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టిచ్ అనే అధ్యయనం. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 27 దేశాల్లో 83 ఆసుపత్రులు, 1,033 మంది రోగులు. మెదడులో దానంతట అదే రక్తస్రావం అయినవాళ్లను లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు తొందరగా ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. రెండో గుంపుకు ముందు మందులతో చూసి, అవసరం పడితేనే ఆపరేషన్ చేశారు. ఆరు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 24 శాతం. అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

గడ్డ మెదడు పైపొరకు దగ్గరగా ఉంటే ఆపరేషన్ పనికొస్తుందేమో అని ఒక ఆశ మిగిలింది. దాన్ని తేల్చడానికి అలాంటి 601 మందితో స్టిచ్-2 చేశారు, 2013లో ఫలితం వచ్చింది. పరిస్థితి బాగోలేనివాళ్లు ఆపరేషన్ గుంపులో 59 శాతం, మందుల గుంపులో 62 శాతం. అక్కడా తేడా తేలలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. లోతులో ఉన్న గడ్డను చేరాలంటే పైన ఉన్న మంచి మెదడును చీల్చుకుంటూ వెళ్లాలి. రక్తం ఒక్కసారిగా చిమ్మినప్పుడు తెగిన నరాల దారులు గడ్డ తీసినంత మాత్రాన మళ్లీ అతుక్కోవు. మీ నాన్నగారి కుడి చెయ్యి ఆ దెబ్బకే పోయింది. ఆపరేషన్ చేయించనందువల్ల కాదు. చుట్టాలకు ఈ ముక్క గట్టిగా చెప్పండి.

డిశ్చార్జ్ షీటులో గడ్డ కొలతలు ఉంటాయి, ఉంటే రాయండి.

మంజీర_తీరం

చదువుతుంటే గుండె బరువు కొంచెం దిగింది డాక్టర్ గారూ. షీటులో "4 × 3 × 3 సెం.మీ., ఎడమ బేసల్ గాంగ్లియా" అని ఉంది.

అంటే మెదడులో రక్తస్రావానికి ఆపరేషనే దండగా? మా వీధిలో ఒకాయనకు రాత్రికి రాత్రి తల ఆపరేషన్ చేసి బతికించారు.

నెల్లూరు_టు_డల్లాస్

కాదండీ, ఆ అర్థం తీసుకోకూడదు. నేను క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే రోగుల మీద వైద్యాన్ని పోల్చి చూసే పరిశోధనల్లో, స్టాటిస్టిక్స్ పని చేస్తాను, ఈ ఒక్క సంగతి వివరంగా రాస్తాను.

స్టిచ్‌లో ఎవరిని చేర్చుకున్నారో చూడాలి. "ఈ రోగికి ఆపరేషన్ మేలా కాదా" అని సర్జన్‌కే తేల్చుకోలేని సందేహం ఉన్నవాళ్లను మాత్రమే చేర్చుకున్నారు. ఇప్పుడే చేయకపోతే పోతాడు అని సర్జన్‌కు గట్టిగా అనిపించిన రోగిని లాటరీలో పెట్టలేదు, నేరుగా థియేటర్‌కు తీసుకెళ్లారు. అలా పెట్టడం అన్యాయం కూడా. కాబట్టి ఆ పరిశోధన ఇచ్చిన జవాబు సందేహం ఉన్న రోగుల వరకే వర్తిస్తుంది. మీ వీధిలో పెద్దాయన బహుశా ఆ కోవలోకి రారు.

ఇంకో చిక్కు ఉంది. మందుల గుంపులో పడ్డవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి తర్వాత పరిస్థితి దిగజారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అయినా లెక్క కట్టేటప్పుడు వాళ్లను మొదట పడ్డ గుంపులోనే ఉంచుతాం. అలా కాకుండా ఎవరికి ఏది జరిగిందో చూసి గుంపులు మార్చామంటే, ఆపరేషన్ దాకా బతికున్నవాళ్లంతా ఒకవైపు చేరి లెక్క తప్పుదారి పడుతుంది. ఈ నియమం వినడానికి వింతగా ఉంటుంది కానీ, అది లేకపోతే ఏ పరిశోధననూ నమ్మలేం.

న్యూరో_పీజీ (విశాఖ)

డల్లాస్ అన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చిన్నమెదడులో రక్తస్రావం స్టిచ్‌లోకి రాదు. అక్కడ చోటు చాలా ఇరుకు, పక్కనే ఊపిరి నడిపించే బ్రెయిన్ స్టెమ్. చిన్నమెదడులోని గడ్డ 15 ఎంఎల్ దాటినా, బ్రెయిన్ స్టెమ్ నొక్కుకుపోతున్నా, మెదడులో నీరు చేరుతున్నా, మనిషి మగతలోకి జారుతున్నా వెంటనే తీసేయాలని 2022 అమెరికా మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అక్కడ ఆగి చూద్దాం అనే మాటే ఉండదు.

ఇక మీ నాన్నగారి కొలతలు. బేసల్ గాంగ్లియా అంటే పెద్దమెదడు లోతులో ఉండే భాగం, చిన్నమెదడు కాదు. సీటీ ఫిల్ము మీద గడ్డ పెద్దగా కనిపించే ముక్కలో పొడవు, దానికి అడ్డంగా వెడల్పు కొలుస్తాం. గడ్డ ఎన్ని ముక్కల్లో కనిపిస్తుందో లెక్కపెట్టి ఒక్కో ముక్క మందంతో గుణిస్తే ఎత్తు వస్తుంది. మూడింటినీ గుణించి సగం చేస్తే గడ్డ ఎన్ని ఎంఎల్ ఉందో సుమారుగా తెలుస్తుంది. 4, 3, 3 గుణిస్తే 36. సగం 18 ఎంఎల్. రాత్రి డ్యూటీలో ఫోన్‌లో కన్సల్టెంట్ మమ్మల్ని మొదట అడిగేది ఈ అంకెనే.

సిస్టర్_కరుణ (హైదరాబాద్)

న్యూరో ఐసీయూలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ చేయలేదు అంటే ఏమీ చేయలేదని చాలామంది కుటుంబాలు అనుకుంటాయి. అది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, అందుకే రాస్తున్నాను.

ఆ మొదటి గంటల్లో మంచం పక్కన ఏం జరుగుతుందో చెబుతాను. బీపీ 210, 220తో వస్తారు. ఇన్ఫ్యూషన్ పంపులో మందు పెట్టి చుక్క చుక్కగా దింపుతాం. కొన్ని నిమిషాలకోసారి బీపీ చూసి పంపు స్పీడు మారుస్తూనే ఉంటాం. గంట గంటకూ టార్చ్ వేసి రెండు కనుపాపలూ ఒకేలా ముడుచుకుంటున్నాయా అని చూస్తాం. "తాతా, కళ్లు తెరువు, నా వేళ్లు గట్టిగా పట్టుకో" అని పిలుస్తాం. అంతకు ముందు గంట పట్టుకున్న మనిషి ఈ గంట పట్టుకోకపోతే పరుగున డాక్టర్‌కు చెబుతాం, మళ్లీ సీటీకి తీసుకెళ్తాం. షుగర్ చూస్తాం, జ్వరం రానివ్వం. మింగగలడని పరీక్షించే దాకా నోట్లో చుక్క నీళ్లు పోయనివ్వం. దీనికే రోగి వెంట వచ్చినవాళ్లు మా మీద ఎక్కువ కోప్పడతారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

ఈ పనులన్నీ కలిపి ఒక కట్టగా చేస్తే ఫలితం ఎలా ఉంటుందో చూసిన పరిశోధన ఇంటరాక్ట్-3. 2023లో వచ్చింది. 10 దేశాలు, 121 ఆసుపత్రులు, 7,036 మంది. మన దేశం కూడా అందులో ఉంది. గంటలోపు పై బీపీ 140 కిందికి తేవడం, షుగర్ అదుపు, ఒంటి వేడి 37.5 డిగ్రీలు దాటకుండా చూడటం, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందు వాడుతుంటే దానికి విరుగుడు వెంటనే ఇవ్వడం. ఇంతే. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. ఆ కట్ట అమలు చేసిన చోట ఆరు నెలల తర్వాత మంచాన పడ్డవాళ్లు, చనిపోయినవాళ్లు తగ్గారు.

మంజీర గారూ, మీ నాన్నగారికి జరిగిన వైద్యం ఇదే. డబ్బుకు వెనకాడారన్న మాట ఇంకెవరూ అనకుండా చూడండి.

పాలమూరు_శ్రీను

సిస్టర్ గారూ, ఒక డౌట్. మా ఊళ్లో మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతే ఆర్ఎంపీ వచ్చి బీపీ చూసి నాలుక కింద మాత్ర పెట్టి పంపిస్తాడు. బీపీ తొందరగా దించడం మంచిదే కదా మరి?

న్యూరో_పీజీ (విశాఖ)

శ్రీను గారూ, వద్దు. దయచేసి ఊళ్లో అందరికీ చెప్పండి.

పక్షవాతం రెండు రకాలు. రక్తనాళం చిట్లడం ఒకటి, మూసుకుపోవడం ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, సీటీ తీస్తే తప్ప ఎంత పెద్ద డాక్టరైనా కచ్చితంగా చెప్పలేడు. చైనాలో అంబులెన్సులోనే బీపీ దించే మందు ఇచ్చి చూశారు. ఇంటరాక్ట్-4, 2024లో వచ్చింది, 2,404 మంది. మొత్తం మీద చూస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు. విడదీసి చూస్తే మాత్రం రక్తస్రావం ఉన్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు, నాళం మూసుకుపోయినవాళ్లు దెబ్బతిన్నారు. మూసుకుపోయిన చోట ఆ ఎక్కువ బీపీయే మిగిలిన మెదడుకు కాస్త రక్తం తోస్తూ ఉంటుంది. దాన్ని ఇంట్లో ఠక్కున దించేస్తే ఆ భాగం కూడా పోతుంది.

నాలుక కింద పెట్టే ఆ మాత్రతో బీపీ ఎంత పడుతుందో మన చేతిలో ఉండదు. 108కి ఫోన్ చేసి, సీటీ ఉన్న ఆసుపత్రికి వెళ్లడమే చేయాల్సింది. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఆసుపత్రిలో కూడా మరీ కిందికి దించకూడదు. 2016లో వచ్చిన అటాచ్-2లో 110 నుంచి 139 మధ్యకు దించి చూశారు. అదనంగా లాభం రాలేదు, కిడ్నీ ఇబ్బందులు మాత్రం పెరిగాయి. అందుకే ఇప్పుడు 140 దగ్గర, 130కి తగ్గకుండా ఉంచుతున్నాం.

ఖమ్మం_గుమ్మం

అందరూ పరిశోధనలు, పరిశోధనలు అంటున్నారు. లాటరీ వేసి ఒకరికి ఆపరేషన్ చేస్తారు, ఒకరికి చేయరు. ఆ మనుషులకు ఈ సంగతి చెప్పే చేశారా? మా జిల్లాలో 2009లో ఏం జరిగిందో మేం మర్చిపోలేదు. భద్రాచలం వైపు హాస్టళ్లలో ఉన్న గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) వేశారు. కన్నవాళ్ల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. పార్లమెంటు కమిటీయే 2013లో తప్పుపట్టింది. చదువుకున్నవాళ్లు మీరు ట్రయల్ అంటే మంచి మాటలా చెబుతారు. మా దగ్గర ఆ మాట వింటేనే భయం.

నెల్లూరు_టు_డల్లాస్

మీ కోపం న్యాయమైనది. అక్కడ సమ్మతి తీసుకున్న తీరు సిగ్గుపడాల్సింది, దాన్ని నేను ఏ రకంగానూ సమర్థించను.

లాటరీ గురించి మాత్రం ఒక మాట. లాటరీ లేకుండా చేస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు మెదడు వాపు తగ్గుతుందని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇచ్చినవాళ్లకు మంచి చేస్తున్నామన్న నమ్మకమే. 2004లో క్రాష్ అనే ట్రయల్ ఫలితం వచ్చింది, 10,008 మంది. స్టెరాయిడ్ ఇచ్చిన గుంపులో రెండు వారాల్లో 21.1 శాతం చనిపోయారు, ఇవ్వని గుంపులో 17.9 శాతం. ఎవరూ పోల్చి చూడకపోయి ఉంటే ఆ ఇంజెక్షన్ ఈ రోజుకూ ఇస్తూ ఉండేవాళ్లం. ఆస్పిరిన్ వాడుతూ మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మంచిదని కూడా అనుకునేవాళ్లు. 2016లో ప్యాచ్ ట్రయల్ చూస్తే ఎక్కించినవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

గోస్తనీ_లక్ష్మి

ఖమ్మం అన్నయ్యా, మా అత్తగారిని ఒక ట్రయల్‌లో చేర్చమని ఆసుపత్రిలో అడిగారు, ఆ అనుభవం చెబుతా. మొదట వచ్చిన కోఆర్డినేటర్ అబ్బాయి ఇంగ్లిష్ కాగితాలు చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టనన్నాను. తెలుగు ఫారం అడిగాను. ఉంది! లోపల ఫైలులోనే ఉంది, అడిగేదాకా తీయలేదు. చదివాక పెద్ద డాక్టరు గారిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాను. చేరకపోతే వైద్యం ఆగిపోతుందా? ఆగదు. మధ్యలో మానుకోవచ్చా? ఎప్పుడైనా మానుకోవచ్చు. ట్రయల్ వల్ల ఏదైనా జరిగితే? వాళ్ల ఖర్చుతో వైద్యం, నష్టపరిహారం. ఇవన్నీ కాగితంలో రాసే ఉన్నాయి. అప్పుడు సంతకం పెట్టాం, ఒక కాపీ మేం తెచ్చుకున్నాం.

నెల్లూరు_టు_డల్లాస్

లక్ష్మి గారు చేసింది అందరూ చేయాల్సిన పని. దానికి తోడు సీటీఆర్ఐ నంబరు అడగండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ అది. 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి చేశారు. నంబరు వెబ్‌సైట్‌లో కొడితే ఆ ట్రయల్ ఎవరు చేస్తున్నారు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఎవరిని చేర్చుకుంటున్నారు అన్నీ కనిపిస్తాయి. రోగి స్పృహలో లేకపోతే చట్టప్రకారం దగ్గరివాళ్లు సంతకం పెట్టొచ్చు. చదవడం రాని కుటుంబమైతే ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ కోసం వచ్చిన 2019 రూల్స్‌లో నష్టపరిహారం గురించి కూడా ఉంది.

ఖమ్మం_గుమ్మం

రూలు ఉంది సరే. అడిగేదాకా తెలుగు ఫారం బయటికి రాలేదని లక్ష్మి గారే రాశారు చూడండి. ఐసీయూ బయట ఏడుస్తూ నిలబడ్డ కోయ తల్లికి ఆ అడిగే ధైర్యం ఎక్కడిది? నేనడిగేది అదే.

సిస్టర్_కరుణ (హైదరాబాద్)

ఆ తల్లి తరఫున అడగాల్సింది మేమే అన్నా. నర్సులకు ఆ బాధ్యత ఉంది. నా వార్డులో ఫారం చదివి వినిపించకుండా సంతకం తీసుకోనివ్వను.

రాజమండ్రి_ఫిజియో

మెదడు విషయం బాగా నడుస్తోంది. మంజీర గారి రెండో ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి వెన్ను గురించి నేను రాస్తాను.

ముందుగా, ఎమ్మారై రిపోర్టు చూసి హడలిపోకండి. ఏ నొప్పీ లేని మామూలు మనుషులకు తీసిన స్కాన్లన్నీ పోగేసి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ (డిస్క్ ఉబ్బి ఉండటం) ఉంది. 80 ఏళ్లకు అది 84 శాతం. నొప్పి, తిమ్మిరి, పరీక్షలో దొరికే బలహీనత ఇవన్నీ స్కాన్‌లో కనిపించే చోటుతో కలిస్తేనే దానికి విలువ.

కాలు లాగడం నిజంగా డిస్క్ వల్లే అయితే? నెదర్లాండ్స్‌లో 283 మందితో చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అందరికీ 6 నుంచి 12 వారాలుగా భరించలేని సయాటికా, అంటే నరం నొక్కుకుని కాలు లాగే నొప్పి. సగం మందికి వెంటనే ఆపరేషన్. మిగతా సగం ఆగి చూశారు, తట్టుకోలేకపోతే అప్పుడు ఆపరేషన్. ఆగిన గుంపులో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా 61 శాతానికి అక్కర్లేకపోయింది. ఏడాది గడిచేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆపరేషన్ చేసినవాళ్లకు నొప్పి తొందరగా తగ్గింది, అది మాత్రం నిజమైన తేడా.

కాబట్టి ఇద్దరు డాక్టర్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు మంజీర గారూ. మీ ఆయన ఎంత నొప్పి భరించగలరు, పని మానుకుని ఉండగలరా, ఆపరేషన్ అంటే ఎంత భయం అనేవి కూడా ఇందులో లెక్కే.

అలాగని ఏళ్లూ పూళ్లూ ఆగడం కూడా తప్పు. కాలి నొప్పి 4 నుంచి 12 నెలలుగా ఉన్న 128 మందితో కెనడాలో చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. ఆరు నెలల తర్వాత పది మార్కుల కొలతలో ఆపరేషన్ అయినవాళ్ల నొప్పి 2.8, ఫిజియో, మందులు, ఇంజెక్షన్లతో ఉన్నవాళ్లది 5.2. ఫిజియో చేసేవాడిని, నేనే చెబుతున్నాను: నెలలు గడిచినా కాలు లాగుతూనే ఉంటే నా దగ్గర తిరగడం ఆపి సర్జన్‌ను కలవండి.

ఇవి కనిపిస్తే మాత్రం వారాలు కాదు కదా, ఒక్క రోజు కూడా ఆగకూడదు: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు పోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం. పాదం పైకి లేవక చెప్పు ఈడ్చుకుంటూ నడుస్తున్నా అదే రోజు చూపించాలి.

మంజీర_తీరం

మూత్రం సంగతి బాగానే ఉంది. ఈ పూట మడమల మీద నడిపించి చూశాను, రెండు పాదాలూ లేస్తున్నాయి. ఆయన స్కూల్లో టీచరు, రోజంతా నిలబడాలి. ఆగితే నరం శాశ్వతంగా పోతుందేమోనని ఆయనకు టెన్షన్.

రాజమండ్రి_ఫిజియో

బలం తగ్గనంత వరకూ ఆ భయం అక్కర్లేదు. వారానికోసారి మడమల మీద, మునివేళ్ల మీద నడిపించి చూడండి. పూర్తిగా మంచం పట్టించకండి, నొప్పి ఓర్చుకోగలిగినంత నడవనివ్వండి.

పాలమూరు_శ్రీను

నా వంతు ఇప్పుడు. మా బాపుకు 66. కాస్త దూరం నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి కూలబడతాడు, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. వెన్నులో దారి సన్నబడింది, ఒక ఎముక కొంచెం ముందుకు జరిగింది అన్నారు. దారి వెడల్పు చేసి స్క్రూలు, రాడ్లు వేయాలంటున్నారు. ఖర్చు చాలా తేడా ఉంది. స్క్రూలు లేకుండా కుదరదా?

న్యూరో_పీజీ (విశాఖ)

మీ బాపుకు ఉన్నది స్టెనోసిస్, అంటే వెన్నులో నరాలు వెళ్లే దారి సన్నబడటం. స్క్రూలు కావాలా వద్దా అన్నదాని మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. స్వీడన్‌లో 247 మంది, 2016. సగం మందికి నరాల మీద ఒత్తిడి మాత్రం తీశారు, సగం మందికి దానితోపాటు ఎముకలు అతికించారు (స్క్రూలు వేసేది అందుకే). రెండేళ్లకు ఇద్దరి పరిస్థితీ ఒకటే. ఎముక ముందుకు జరిగినవాళ్లను విడిగా చూసినా అంతే. స్క్రూలు వేసినవాళ్లు ఆసుపత్రిలో సగటున 7.4 రోజులు ఉన్నారు, వేయనివాళ్లు 4.1 రోజులు. నార్వేలో అచ్చం మీ బాపులా ఎముక జరిగిన 267 మందిని తీసుకుని 2021లో ఫలితం ప్రకటించారు. బాగుపడ్డవాళ్లు స్క్రూలు లేకుండా 71.4 శాతం, స్క్రూలతో 72.9 శాతం.

వెన్నుపూస_డాక్టర్ (తిరుపతి)

న్యూరో పీజీ తమ్ముడూ, అంకెలు సరైనవే. రెండో వైపు కూడా చెప్పాలి. స్వీడన్ ఫలితం వచ్చిన 2016లోనే అమెరికా నుంచి 66 మంది ట్రయల్ ఒకటి వచ్చింది, ఎముక జరిగిన వాళ్ల మీదే. అందులో స్క్రూలు వేసిన గుంపు కొంచెం మెరుగ్గా ఉంది. పైగా నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు స్క్రూలు లేని గుంపులో 34 శాతం, ఉన్న గుంపులో 14 శాతం. చిన్న ట్రయల్ అని తీసి పక్కన పెట్టలేం.

ఎముక కదులుతోందా లేదా అన్నది అసలు సంగతి. ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రే తీసి చూడాలి. రెండింట్లో చాలా తేడా ఉంటే స్క్రూలు లేకుండా దారి తెరవడానికి నేను వెనకాడతాను. కదలిక లేకపోతే, నడుం నొప్పి కంటే కాళ్ల బాధే ఎక్కువైతే, ఒత్తిడి తీస్తే చాలంటాను.

శ్రీను గారూ, ఆ వంగి తీసిన ఎక్స్‌రేలు ఉన్నాయా అని మీ సర్జన్‌ను అడగండి. తీయకుండానే స్క్రూలు అన్నారంటే తీయించమని అడగండి. తీసి, కదలిక చూపించి చెబితే ఆయన మాట వినండి. ఆయన చేతుల్లో ఏ పద్ధతి బాగా నడుస్తుందో అది కూడా అడిగి తెలుసుకోండి, తప్పేం లేదు.

పాలమూరు_శ్రీను

పడుకోబెట్టి తీసిన ఎమ్మారై ఒక్కటే ఉంది సార్. సోమవారం పోయి ఎక్స్‌రే అడుగుతా.

గోస్తనీ_లక్ష్మి

మధ్యలో ఒక ప్రశ్న. మా అమ్మమ్మ బాత్రూంలో జారి పడి చాలా రోజులైంది. అప్పుడేం కాలేదు. ఇప్పుడు మాట తడబడుతోంది, మగతగా ఉంటోంది, అడుగు సరిగా పడటం లేదు. వయసు మతిమరుపు అనుకోవచ్చా?

న్యూరో_పీజీ (విశాఖ)

అనుకోవద్దు. రేపటిదాకా కూడా ఆగకుండా సీటీ తీయించండి. ముసలివాళ్లలో చిన్న దెబ్బకే మెదడు పైన పొర కింద రక్తం మెల్లగా చేరుతుంది, వారాల తర్వాత ఇలాగే బయటపడుతుంది. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

అదే అయితే పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ ద్రవాన్ని తీస్తారు. పెద్ద వయసువాళ్లు కూడా తేరుకుంటారు. లోపల రెండు రోజులు సన్నని గొట్టం ఉంచితే మళ్లీ చేరడం బాగా తగ్గుతుందని కేంబ్రిడ్జ్‌లో 215 మంది మీద చేసిన ట్రయల్ 2009లో చూపించింది: గొట్టం లేకుండా 24 శాతం, గొట్టంతో 9.3 శాతం. స్టెరాయిడ్ మాత్రలతో సరిపెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2020లో బ్రిటన్‌లో 748 మంది మీద చూస్తే ఆ మాత్రలు వాడినవాళ్లే వెనకబడ్డారు.

గోస్తనీ_లక్ష్మి

బయల్దేరుతున్నాం. నిజానికి గుండె జబ్బుకు రక్తం పల్చన చేసే మాత్ర వాడుతోంది.

న్యూరో_పీజీ (విశాఖ)

మాత్ర పేరున్న స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. కొన్నిటికి విరుగుడు వేరువేరుగా ఉంటుంది.

మంజీర_తీరం

లక్ష్మి గారూ, క్షేమంగా వెళ్లిరండి, సీటీ అవగానే ఒక ముక్క రాయండి.

న్యూరో పీజీ గారూ, మా తమ్ముడు ఒక వార్త పంపాడు. మెదడు గడ్డను చిన్న గొట్టంతో తీసే కొత్త ఆపరేషన్ వల్ల లాభం ఉందని తేలిందట. అది నాన్నకు చేయించి ఉండాల్సిందా? మళ్లీ అదే గుబులు మొదలైంది.

న్యూరో_పీజీ (విశాఖ)

మీ తమ్ముడు పంపింది ఎన్రిచ్ ట్రయల్ గురించి అయి ఉంటుంది. 2024లో వచ్చింది, 300 మంది. మెదడు మడతల సందుల్లోంచి సన్నని గొట్టం దింపి, 24 గంటల్లోపు గడ్డ తీశారు. నెల రోజుల్లో మరణాలు 18 శాతం నుంచి 9.3 శాతానికి తగ్గాయి, ఆరు నెలలకు కోలుకోవడం కూడా మెరుగుపడింది. స్టిచ్ వచ్చిన ఇన్నేళ్ల తర్వాత ఆపరేషన్ వైపు మొగ్గు చూపిన ట్రయల్ కాబట్టి మాకందరికీ పెద్ద వార్తే.

కానీ ఎవరిలో లాభం వచ్చిందో చూడండి. గడ్డ పైపొరకు దగ్గరగా ఉన్నవాళ్లలో. బేసల్ గాంగ్లియా వాళ్లను కూడా మొదట చేర్చుకున్నారు. 175 మంది చేరాక లెక్క చూసి, వాళ్లకు లాభం కనిపించేలా లేదని ఆ చోటు రోగులను చేర్చుకోవడం ఆపేశారు. పైగా చేర్చుకున్నవాళ్ల గడ్డలు 30 ఎంఎల్ నుంచి 80 దాకా. మీ నాన్నగారిది బేసల్ గాంగ్లియా, 18 ఎంఎల్. గొట్టంతో మందు పోసి గడ్డను కరిగించిన మిస్టీ-3లో కూడా 30కి పైన ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఏ ట్రయల్ చూసినా మీ నాన్నగారి లాంటి గడ్డకు ఆపరేషన్ మేలు చేస్తుందని తేలలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని బీపీ. ఇంట్లో మిషన్ ఉంటే ఉదయం, రాత్రి చూసి నోటు పుస్తకంలో రాయండి. పెద్దలకు పైది 130 లోపు, కిందిది 80 లోపు ఉండేలా చూడాలని పైన చెప్పిన 2022 అమెరికా మార్గదర్శకాలే చెప్పాయి. నాన్నగారి విషయంలో మీ డాక్టర్ చెప్పిన అంకె పాటించండి. మళ్లీ రక్తస్రావం రాకుండా కాపాడేవాటిలో దీనికి మించింది లేదు.

మంజీర_తీరం

130 కింద 80. రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఈ పొద్దు 142 కింద 88 ఉంది. డాక్టర్ గారికి ఫోన్ చేయాలా, వచ్చే నెల చూపించేటప్పుడు చెబితే చాలా?

సిస్టర్_కరుణ (హైదరాబాద్)

ఒక్క రీడింగ్ చూసి కంగారు పడకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, రెండుసార్లు చూడండి. పనిచేసే ఎడమ చేతికే పట్టీ కట్టండి. ఓ వారం రాశాక కూడా 140 దగ్గరే తిరుగుతుంటే వచ్చే నెల దాకా ఆగొద్దు, ఫోన్ చేసి చెప్పండి, మాత్ర మోతాదు మారుస్తారు. 180 దాటినా, తలనొప్పి, వాంతి, మాట తడబాటు కనిపించినా ఫోన్లు కాదు, నేరుగా 108.

గోస్తనీ_లక్ష్మి

సీటీ అయింది. పొర కింద రక్తమే, కుడి వైపు. మాత్ర స్ట్రిప్ చూపించాం, విరుగుడు ఇచ్చారు. రేపు ఉదయం రంధ్రం పెట్టి తీస్తామన్నారు. లోపల గొట్టం ఉంచుతారా అని అడిగాను, ఉంచుతామన్నారు.